ఏంటెన్నా తిప్పినోడు

ఈ వారం హాస్టల్ మెస్ గురించి రాస్తానన్నాను. అది ఇంకో వారం ఆగుతుంది. మధ్యలో క్లాసులో నేనొక అబద్ధం చెప్పాను. దాని సంగతి తేల్చకుండా ఇంకోటి రాయబుద్ధి కావట్లేదు.

ఐపీఎల్ రోజులు. మధ్యాహ్నం మ్యాచ్ ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం క్లాసు. చివరి బెంచీలో నలుగురు పిల్లలు ఒక ఫోన్ మీదకి వంగి ఉన్నారు. సౌండ్ లేదు, కళ్లు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి. ఫోన్ తీసుకుని టేబుల్ మీద పెట్టాను. వాళ్లలో ఒకడు భయపడకుండా, నవ్వుతూ అడిగాడు. "సార్, మీ చిన్నప్పుడు ఫోన్లు లేవు కదా, మ్యాచ్ ఎక్కడ చూసేవాళ్లు?"

"ఇంట్లోనే, టీవీలో" అన్నాను.

అంతే. పాఠం కొనసాగించాను. కానీ ఆ మాట ఆ రోజంతా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఇంటికి టీవీ వచ్చింది నేను డిగ్రీ చదివేటప్పుడు. అంతకుముందు మ్యాచ్ చూసింది ఇంట్లో కాదు. చూశానని కూడా అనలేను. దళిత సాహిత్యం మీద డాక్టరేట్ చేసి, ఆత్మగౌరవం మీద మీటింగుల్లో మైకు పట్టుకునే మనిషిని, 19 ఏళ్ల పిల్లాడు మామూలుగా అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్పాను. సిగ్గు ఎంత లోపల కూర్చుంటుందో చూడండి.

ఇప్పుడు నిజం రాస్తాను.

మాది ప్రకాశం జిల్లా. ఊరు వేరు, పల్లె వేరు. ఆ తేడా ఈ పేజీ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. నాయన ఊళ్లో ఒక కామందు దగ్గర పొగాకు బ్యారన్ పని చేసేవాడు. కామందు ఇంట్లో కలర్ టీవీ ఉండేది. మ్యాచ్ ఉన్న రోజు లోపల హాల్లో వాళ్ల పిల్లలు, చుట్టాలు కూర్చునేవాళ్లు. అరుగు మీద, తలుపు పక్కన, మిగతా కులాల పిల్లలు. మేం పెరటి వైపు, గొడ్ల చావిడి పక్కనున్న కిటికీ దగ్గర. ఊచలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఎవరూ గీత గీయలేదు. ఎవరికి వాళ్లకి తెలుసు ఎక్కడ నిలబడాలో. కిటికీలోంచి చూస్తే టీవీ ఏటవాలుగా కనిపించేది. ఆఫ్ సైడ్ కొట్టిన బంతి కనిపించేది, లెగ్ సైడ్ కొట్టింది అల్మారా చాటుకి పోయేది. నాకు చాలాకాలం లెగ్ సైడ్ షాట్ల మీద నమ్మకం ఉండేది కాదు.

ఈ చూపుకి కూలి ఉండేది. గడ్డి వెయ్యాలి, అంగడికి పోయి సిగరెట్లు తేవాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఏంటెన్నా తిప్పాలి. మా ఊరికి టీవీ టవర్ దూరం. గాలి తోలితే బొమ్మ పోయేది. బయట మెట్లెక్కి డాబా మీదకి పోవడానికి మాకు అడ్డు లేదు, ఇంట్లోంచి పోనక్కర్లేదు కాబట్టి. నేను సన్నగా, చురుగ్గా ఉండేవాణ్ని. అందుకని ఆ ఉద్యోగం నాది.

"వచ్చిందా?" అని పైనించి అరవాలి.

"రాలా. ఇంకొంచెం తిప్పరా."

"వచ్చిందా?"

"ఆఁ ఆఁ, అట్టానే పట్టుకో. కదలమాక."

కదలకుండా పట్టుకుంటే కింద బొమ్మ ఉంటుంది. వదిలేసి కిందికి వస్తే పోతుంది. బొమ్మ తెచ్చేవాడికి బొమ్మ కనిపించదు.

2001 మార్చి 14. కలకత్తా టెస్టు నాలుగో రోజు. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మనల్ని ఫాలో ఆన్ ఆడించింది. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఇద్దరే ఆడారు, ఒక్క వికెట్టు పడలేదు. నేను బడి ఎగ్గొట్టాను. మధ్యాహ్నం నుంచి గాలి. గవాస్కర్ 236 పరుగుల రికార్డు లక్ష్మణ్ దాటిన క్షణంలో నేను డాబా మీద ఇనప పైపు పట్టుకుని ఉన్నాను. ఎండకి పైపు కాలుతుంటే చొక్కా చివర చుట్టి పట్టుకున్నాను. కింద కేకలు, ఈలలు, కంచం మీద గరిటె పెట్టి కొట్టిన చప్పుడు. "ఏమైంది? ఏమైంది?" అని అరిచాను. ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఆ సంతోషంలో పైన ఒకడున్నాడని గుర్తు లేదు, అంతే.

ఆ షాట్ నేను 15 ఏళ్ల తర్వాత చూశాను.

2016. అప్పుడు నేను హైదరాబాదులో రీసెర్చ్ స్కాలర్ని. ఆ ఏడాది జనవరిలో రోహిత్ వేముల పోయాడు. ఆ తర్వాత మా అందరికీ రోజులు ఎలా గడిచాయో విడిగా రాశాను, మళ్లీ రాయను. సెప్టెంబరులో జియో వచ్చింది. మరుసటి ఏడాది మార్చి దాకా డేటా ఉచితం. సిమ్ కార్డుల కోసం క్యూలో నిలబడి తెచ్చుకున్నాం. అంతకుముందు ఎంబీలు లెక్కపెట్టుకుని వాడినవాళ్లం, రాత్రంతా వీడియోలు చూశాం. రూమ్మేట్లు సినిమాలు చూశారు. నేను యూట్యూబులో లక్ష్మణ్ 281 వెతికాను. 236 దాటే దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాను. ఏడెనిమిది సార్లు చూసి ఉంటాను. బాగుంది. కానీ నేను పోగొట్టుకున్నది ఆ షాట్ కాదని అప్పుడే తెలిసింది. ఆ కేక. అందరితోపాటు నేనూ వెయ్యాల్సిన కేక. అది యూట్యూబులో లేదు.

క్రీడల గురించి మాట్లాడేవాళ్లు ఇంటర్నెట్ వల్ల ఆట అందరి చేతుల్లోకి వచ్చిందంటారు. సగం నిజం. ఆ సగాన్ని తక్కువ చెయ్యను. కిటికీ దగ్గర నిలబడ్డవాడికి అరచేతిలో స్క్రీన్ రావడం చిన్న సంగతి కాదు. దాన్ని "యువత చెడిపోతోంది" అని ఒక్క మాటలో కొట్టేసే పెద్దమనుషులకి సాధారణంగా ఇంట్లో టీవీ ముందునుంచీ ఉంటుంది. ఇప్పుడు మా పల్లెలో ఏ పిల్లాడూ ఎవరి పెరట్లోకీ పోడు. చర్చి మెట్ల మీద కూర్చుని చూస్తాడు, ఆటోలో చూస్తాడు, మిరపకోతకి పోయిన చోట అన్నం టైములో చూస్తాడు. లెగ్ సైడూ కనిపిస్తుంది. నాయన తరం, నా తరం ఒక చూపు కోసం చేసిన వెట్టి వాడికి తెలీదు. తెలీకపోవడమే మంచిది అనిపిస్తుంది ఒక్కోసారి.

కానీ ఈ ఉచితం ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు? మా పిల్లలకి ఇది చెప్పాలి.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ ప్రసార హక్కుల మీద వచ్చిన తగాదా అది. ఆకాశంలోని ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు అంది. ప్రభుత్వానికి వాటి మీద గుత్తాధిపత్యం లేదంది. మంచి మాట. అయితే ఆ తలుపులోంచి లోపలికి వచ్చింది ప్రజలు కాదు, కంపెనీలు. ఆట అమ్ముకునే హక్కు బోర్డుకి, కొనుక్కునే హక్కు చానెల్‌కి. 2007లో చట్టం చేసి, జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచుల సిగ్నల్ ప్రసారభారతితో పంచుకోవాలన్నారు. దాని పుణ్యమా అని కొన్ని మ్యాచులు దూరదర్శన్‌లో మిగిలాయి.

2022 జూన్‌లో ఐపీఎల్ ఐదేళ్ల హక్కుల వేలం జరిగింది. మొత్తం 48,390 కోట్లు. అందులో మన ఉపఖండంలో టీవీకి 23,575 కోట్లు, ఇంటర్నెట్‌కి దాదాపు 23,758 కోట్లు. ఫోన్ టీవీని దాటింది. అన్ని వేల కోట్లు పోసి కొన్నవాళ్లు 2023లో జియోసినిమాలో మ్యాచులన్నీ ఉచితంగా ఇచ్చారు. మా పల్లెలో పండగ. ఎవరూ ఊరికే ఇవ్వరని ముసలోళ్లకి తెలుసు, కామందు ఇంట్లో టీవీ కూడా ఉచితమే కదా. ఇక్కడ గడ్డి వెయ్యక్కర్లేదు, సిగరెట్లు తేనక్కర్లేదు. మన చూపే కూలి. ఎంతసేపు చూశాం, ఎక్కడ ఆపాం, ఏ ప్రకటన మీద వేలు పెట్టాం, అన్నీ లెక్కే. 2025లో రెండు కంపెనీల స్ట్రీమింగులూ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక ఆ ఉచితమూ పోయింది. ఇప్పుడు మ్యాచ్ రీచార్జ్‌కి ముడిపడి ఉంది. అలవాటు చేశారు, తర్వాత బిల్లు పంపారు.

2016కి మళ్లీ వెళ్తాను. జియో సిమ్ రాకముందు ఆగస్టులో సింధు రియోలో రజతం గెలిచింది. దేశమంతా టీవీల ముందు ఉంది. అదే సమయంలో గూగుల్‌లో ఎక్కువమంది వెతికిన మాటల్లో "పీవీ సింధు క్యాస్ట్" ఒకటని పత్రికలు రాశాయి. ఎక్కువ వెతికింది ఎవరు? మన తెలుగు రాష్ట్రాల వాళ్లే. అది చదివి మా హాస్టల్లో నవ్వుకున్నాం. చేదు నవ్వు. కిటికీ పోతుంది, ఫోన్ వస్తుంది, కానీ ఫోన్ పట్టుకున్న చెయ్యి అదే కదా. మా ఊళ్లో కొత్త మనిషి బస్సు దిగితే ముందు "ఎవురోళ్లు?" అని అడుగుతారు. సెర్చ్ బాక్సులోనూ అదే అడిగారు.

ఈ అడగడం అన్నిచోట్లా ఒకేలా పనిచెయ్యదు. 2021లో టోక్యోలో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ. నాలుగు రోజులకి సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడింది. హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, డాన్సు చేసి, జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే ఫలానా కులం.

క్రికెటర్లూ తక్కువేం కాదు. 2020లో ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో మాట్లాడుతూ యువరాజ్ సింగ్ తోటి ఆటగాణ్ని ఉద్దేశించి ఒక కులం పేరుని తిట్టుగా వాడాడు. తర్వాత విచారం చెప్పాడు. హర్యానాలోని హాన్సీలో ఒక దళిత హక్కుల కార్యకర్త ఫిర్యాదు చేస్తే కేసు నమోదైంది. ఎస్సీ ఎస్టీ చట్టం కింద ఆ కేసుని కొట్టెయ్యడానికి 2022లో హైకోర్టు ఒప్పుకోలేదు. పూర్వం డ్రెస్సింగ్ రూమ్‌లో అనుకునే మాటలు ఇప్పుడు లైవ్‌లో బయటికి వస్తున్నాయి. మాట కొత్తది కాదు, సాక్ష్యం కొత్తది.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మా పల్లె సంగతికి ఇదే అవసరం.

మా పల్లెలో అంబేడ్కర్ జయంతికి క్రికెట్ టోర్నమెంట్ జరుగుతుంది. నేను ఇంటర్ చదివేటప్పుడు మొదలుపెట్టాం. టెన్నిస్ బాల్, ఎనిమిది ఓవర్లు, చెరువు పక్క బీడు. చందాలు మనవే, కప్పు మనదే. పేరు అంబేడ్కర్ కప్. పదిహేనేళ్లకి పైగా ఎవరూ ఆ పేరు గురించి మాట్లాడలేదు. చుట్టుపక్కల పల్లెల జట్లు వచ్చేవి, ఊరి జట్టూ రెండు మూడేళ్లు వచ్చింది. పేరు ఫ్లెక్సీ మీద ఉండేది, ఫ్లెక్సీ పల్లెలో ఉండేది. పల్లెలో ఏ పేరుంటే ఎవరిక్కావాలి?

మూడేళ్ల కింద మా పిల్లలు దాన్ని యూట్యూబులో లైవ్ పెట్టారు. సర్వి బొంగుకి ఫోన్ కట్టి, స్కోరు యాప్ పెట్టుకుని, డిప్లొమా చదివిన కుర్రాడు ఒకడు మైకు పట్టుకున్నాడు. వాడి కామెంట్రీ మీరు వినాలి. వృత్తిరీత్యా తెలుగు వాణ్ని కదా, నాకు ఈ గొడవ ఎక్కువ. 2018 నుంచీ ఐపీఎల్‌కి తెలుగు కామెంట్రీ ఉంది. సంతోషమే. కానీ నేను విన్నంతవరకు అందులో ఆట తక్కువ, సినిమా డైలాగులు ఎక్కువ. అది ఏ ఊరి తెలుగో కనిపెట్టలేం. 2023లో భోజ్‌పురి కామెంట్రీ పెడితే దేశమంతా ఆ భాష తెలియనివాళ్లు కూడా విన్నారు. మా వాడు మైకులో "అబ్బ, లేపాడు లేపాడు, చింతచెట్టు దాటించాడు, అమ్మో ఎల్లమ్మ గుడికాడ పడింది, ఒరే బుడ్డోడా బంతి ఎతకరా" అంటుంటే, ఇదిగో ఇది కదా మా నోటి మాట అనిపించింది. పీహెచ్‌డీలో నాలుగు వందల పేజీలు రాశాను. వాడు రెండు ఓవర్లలో చెప్పేశాడు.

చూసేవాళ్లు ఎవరనుకున్నారు? హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లు, బెంగుళూరులో సెంట్రింగ్ పనివాళ్లు, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మా పిన్నమ్మలు, డ్రైవర్లు. వాళ్లకి స్కోరు అక్కర్లేదు. "ఒకసారి కెమెరా చర్చి వైపు తిప్పరా" అని చాట్‌లో రాసేవాళ్లు. "మా అమ్మ ఉందా అక్కడ? నీళ్ల ట్యాంకు కాడ చూడు." మా వాడు ఆట ఆపి ఫోన్ తిప్పేవాడు. ఒకసారి ఒక ముసలమ్మని కెమెరా ముందుకి తీసుకొచ్చి నిలబెట్టాడు, నాలుగేళ్లుగా ఊరు రాని కొడుకు కువైట్‌లో చూస్తున్నాడని. ఆమె ఏం మాట్లాడాలో తెలీక "అన్నం తిన్నావా" అంది. అది నో బాల్ కూడా కాదు, అయినా అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో ఏడాది నుంచి గొడవ మొదలైంది. లైవ్‌లో పైన పేరు కనిపిస్తుంది కదా, అంబేడ్కర్ కప్ అని. ఊరి జట్టు ఆడిన మ్యాచ్ వాళ్ల చుట్టాలు హైదరాబాదులో చూశారు. ఎవరో ఏదో అన్నారట. ఆ తర్వాత ఊరి పెద్దమనిషి ఒకాయన మా పిల్లల్ని పిలిపించాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మైదానం చదును చేయిస్తాం, ఫస్ట్ ప్రైజ్ మేమిస్తాం. పేరొక్కటి మార్చండి. ఊరి పేరు పెట్టుకుందాం, అందరిదీ అవుద్ది." బీడులో ఫ్లెక్సీ మీద ఉన్నన్నాళ్లూ ఎవరికీ నొప్పి లేని పేరు, ప్రపంచం చూసే స్క్రీన్ మీదకి రాగానే నొప్పయింది. మా పిల్లలు నన్ను అడిగారు, ఏం చేద్దాం అన్నా అని. నేను చెప్పేలోపే మైకు కుర్రాడు అన్నాడు, "అందరిదీ అంటే అంబేడ్కర్‌ది కాదా?" నా దగ్గర ఇంక చెప్పడానికేం మిగల్లేదు. ఊరి జట్టు తప్పుకుంది. వాళ్లలో ఇద్దరు కుర్రాళ్లు మాత్రం అతిథి ఆటగాళ్లుగా వేరే పల్లె జట్టులో ఆడారు. అదీ రాయాలి. రాయకపోతే అన్యాయం.

వేరే సందర్భాల్లో రాశాను కానీ పాల్వంకర్ బాలూని మళ్లీ తలుచుకోవాలి. చమార్ కులంలో పుట్టిన ఎడంచేతి స్పిన్నరు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ పని చేస్తూ, వాళ్లకి గంటలు గంటలు బౌలింగ్ వేసేవాడు. బ్యాట్ మాత్రం ఇచ్చేవారు కాదు. హిందువుల జట్టుకి ఆడినప్పుడు మైదానంలో అందరూ అదే బంతి పట్టుకున్నారు. టీ వేళకి ఆయనకి మాత్రం పెవిలియన్ బయట, పారేసే మట్టి కప్పులో ఇచ్చారు. 1911లో ఇంగ్లాండ్ వెళ్లి 114 వికెట్లు తీశాడు. 1937 ఎన్నికల్లో బొంబాయిలో బాబాసాహెబ్ మీదే నిలబడి ఓడాడు. అది వేరే కథ, చిక్కుల కథ. బంతి తాకొచ్చు, కప్పు తాకకూడదు అనే ఆ లెక్క నాకు ఎప్పుడూ మా డాబా మెట్లని గుర్తుచేస్తుంది.

ఇక ఈ ఏడాది.

ఏప్రిల్ 14, ఫైనల్. మూడు వందల నలభై మంది దాకా లైవ్‌లో ఉన్నారు. మా జట్టులో మంచి బౌలరు ఒకడు, ఎడంచేతి వాడు, రాలేదు. ఎందుకు రాలేదో అప్పటికే పల్లెలో అందరికీ తెలుసు. వాడు బంతి బంతికీ పందెం కాసేవాడు. మన రెండు రాష్ట్రాల్లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద ఎప్పట్నుంచో నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం చేసింది. పెద్ద యాప్‌లు దుకాణం కట్టేశాయి. టెలిగ్రామ్ లింకులు కట్టెయ్యలేదు. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న 50,000 రూపాయలు మార్చిలో పోయాయి. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో వాళ్లమ్మకి తెలీదు. మంచి ఆటగాడు. బంతి వెయ్యడం తెలిసినవాడు, ఎవరో వేసే బంతి మీద డబ్బు పెట్టాడు. వాణ్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మ్యాచ్ ముందు, మధ్యలో, తర్వాత, "మీ బుర్ర వాడండి, కోటి గెలవండి" అని ఏళ్ల తరబడి చూపించిన స్టార్ల ప్రకటనలు వాడూ చూశాడు, వాళ్లని ఎవరూ అడగరు. ఈ లింకులు మీ కాలేజీ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఎవడైనా అప్పులో ఉంటే సిగ్గుపడకుండా నాకు ఫోన్ చెయ్యండి. తిట్టను.

ఆరో ఓవర్లో చాట్‌లో ఆ మాట వచ్చింది. ఇక్కడ రాయను. మీలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. పేరు మార్చుకున్న ఖాతా. మొదట ఒక్క మాట, తర్వాత బాబాసాహెబ్ మీద ఒకటి, తర్వాత మైకు కుర్రాడి తల్లి మీద ఒకటి. మా వాడు కామెంట్రీ చెబుతూనే ఉన్నాడు, చాట్ చూడలేదు. కానీ కువైట్‌లో చూస్తున్న వాళ్లు చూశారు. పల్లెలో ఫోన్ పట్టుకుని కూర్చున్న వాళ్లమ్మ చూసింది. నాయన చూశాడు. అక్కడే, నా పక్కనే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకి చదవడం కూడబలుక్కుని వస్తుంది. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ ఆ మాట చదివాడు. చదివి ఫోన్ నాకిచ్చేసి, "మ్యాచ్ అయిపోయిందాకా ఉండు, మజ్జలో లెయ్యమాక" అన్నాడు.

మా పిల్లలు రెండుగా చీలారు. సగం మంది చాట్ ఆపేద్దాం అన్నారు. ఆపేస్తే "అమ్మ ఉందా అక్కడ" అని అడిగేవాళ్ల నోరూ మూసినట్టే కదా అని మిగతావాళ్లు. ఆపలేదు. మైకు కుర్రాడి చెల్లెలు, ఇంటర్ చదివే పిల్ల, ఎవరూ చెప్పకుండానే ఒక్కో కామెంటూ టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టింది. గొడవ మధ్యలో అందరం అరుస్తుంటే ఆ పిల్ల మాత్రం పని చేసింది.

మర్నాడు స్టేషన్‌కి పోయాం. అక్కడ అధికారి అడిగింది ఇదీ. "ఫోన్లో ఎవడో ఏదో రాస్తే బహిరంగంగా తిట్టినట్టు ఎట్టా అవుద్ది సార్? మీరు లెక్చరరు, మీకు తెలీదా?" తెలుసు కాబట్టే పోయాం. చట్టంలోని 3వ సెక్షన్ ప్రజల కంటికి కనిపించే చోట కులం పేరుతో దూషించడం నేరం అంటుంది. మూడు వందల నలభై మంది ఒకేసారి చూస్తున్న చోటు ప్రజల కంటికి కనపడని చోటా? ఇంటర్నెట్‌లో పెట్టిన మాట, ఎవరు తెరిచి చూసినా బాధితుడి ముందు అన్నట్టేనని కేరళ హైకోర్టు 2022లో ఒక యూట్యూబ్ వీడియో కేసులో అంది. కేసు నమోదుకి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ సెక్షన్ చెబుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసి ఇచ్చాం. ఫిర్యాదు తీసుకుని రశీదు ఇచ్చారు. కేసు నంబరు ఇంకా ఇవ్వలేదు. ఈలోగా ఊళ్లోంచి రాయబారాలు వస్తున్నాయి, "ఆట కాడ మాటలకి కేసులేంది" అని.

నాయన ఆ మాటలు వింటూ ఒకసారి నాతో అన్నాడు, నేను మర్చిపోయాననుకున్న సంగతి. నేను డాబా మీద ఏంటెన్నా పట్టుకున్న రోజు ఆయన చావిట్లో ఉన్నాడట. పైనించి "ఏమైంది ఏమైంది" అని నేను అరవడం విన్నాడట. లోపలికి పోయి అడిగి చెప్పొచ్చు. పోలేదు. "పోతే ఏవంటారోనని పోలా" అన్నాడు. ఇరవై ఐదేళ్లు ఆయన దాన్ని మోశాడు. నాకు తెలీదు.

సోమవారం క్లాసుకి పోయి ఆ పిల్లాడికి నిజం చెప్పాను. కిటికీ సంగతి, ఏంటెన్నా సంగతి. క్లాసు మొత్తం విన్నది. వాడు కాసేపు ఊరుకుని, "సార్, మా తాత కూడా అట్టాగే చూశాడంట, మేడం వాళ్లింట్లో" అన్నాడు. ఏ మేడం అని నేను అడగలేదు.

ఒక పని ఉంది మిత్రులారా. ఏప్రిల్ 14 సాయంత్రం ఆ లైవ్ చూసినవాళ్లు ఈ పేజీలో ఉంటే, ముఖ్యంగా కువైట్, బెంగుళూరు నుంచి చూసినవాళ్లు, మీ ఫోన్లో స్క్రీన్‌షాట్ ఉంటే చెరిపెయ్యకండి. నాకు ఇన్‌బాక్స్‌లో పంపండి. సాక్షిగా పేరివ్వడానికి సిద్ధమైనవాళ్లు అదీ రాయండి. మే మొదటి వారంలో డీఎస్పీ ఆఫీసుకి వెళ్తున్నాం. తేదీ ఖాయం కాగానే ఇక్కడే పెడతాను.

జై భీమ్.